నాణెమును చూపు విద్య

మా బరంపురపు తెలుగు కుటుంబములలో పాత నాణెములు లేని యిల్లు అరుదు. కొందరి యిండ్లలో అవి దేవుని గూటిలో పసుపు కుంకుమలంటి యుండును. కొందరి యిండ్లలో బియ్యపు డబ్బా అడుగున గుడ్డమూటలో నుండును. మరికొందరికి అవి యున్న సంగతియే తెలియదు. పెద్దవారు గతించిన పిదప పెట్టె తెరచినపుడు బయటపడును. హోసూరులోను, కోలారులోను, షోలాపురములోను, యానాములోను ఉన్న మనవారి యిండ్లలోను ఇంతియే యని విన్నాము. గడచిన పది పదునైదేండ్లుగా ఈ మూటలు విప్పబడుచున్నవి. పిల్లలు సెల్‌ఫోనుతో ఒక ఫోటో తీసి, ఎక్కడనో యున్న కొనుగోలుదారునకు ఆన్‌లైనులో చూపుదురు. ఆతడు నాణెమును ముట్టడు, తూచడు, మ్రోగించి చూడడు. ఫోటో చూచి వెల చెప్పును. ఆ వెల నాణెమునకా, ఫోటోకా యను ప్రశ్న మాకు ఒకసారి గట్టిగా ఎదురైనది. సంఘమువారు ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాసి యిమ్మని కోరగా, ఆ ప్రశ్న వెంటబడి మేము తెలిసికొన్న సంగతులను వ్రాయుచున్నాము. మేము పండితులము కాము. మెట్రిక్యులేషను చదివి, ముప్పదియారేండ్లు గుమాస్తాగిరి చేసి విరమించినవారము. దస్త్రమును నమ్ముట, దస్త్రమును అనుమానించుట యను రెండు పనులు మాత్రము మాకు బాగుగ తెలియును. ఫోటో కూడ ఒక దస్త్రమే.

పూర్వము నాణెమునకు న్యాయాధిపతి షరాబు. కోమటి దుకాణమైనను, జమీందారు కచేరియైనను, షరాబు చేతిమీదుగా పోని రూపాయి చెల్లుబాటు కాకుండెడిది. అతడు మొదట దానిని అరచేత నుంచుకొని బరువు తెలిసికొనును. రాతిపలకపై జారవిడిచి నాదము వినును. మంచి వెండి ఖంగుమనును, సీసము కలిసినది బొంగురుపోవును. బంగారమైనచో గీటురాయిపై గీయును. అంచును బొటనవ్రేలితో తడిమి, ఎవడైన చెక్కుకొని పోయెనేమో చూచును. ఇన్ని సాక్ష్యములు విన్న పిదపనే కంటి సాక్ష్యము. నాణెమును ఫోటోగా మార్చినపుడు మనము తక్కిన సాక్షులనందరిని ఇంటికి పంపివేసి, కంటిని ఒక్కదానినే నిలుపుకొందుము. ఆ కన్నైనను స్వతంత్రమైనది కాదు. ఎదుటివాడు పట్టుకొన్న దీపము ఎంత చూపిన అంతయే చూడగలదు.

దూరమున నున్నవానికి నాణెమును చూపవలసిన అవసరము ఫోటో పుట్టుటకు ముందే కలిగినది. కలకత్తా టంకసాలలో లోహపరీక్షాధికారిగా నుండిన జేమ్స్ ప్రిన్సెప్, తన కండ్లబడిన ప్రాచీన నాణెములను తానే బొమ్మలుగా గీసి, తానే ఫలకములపై చెక్కి, బంగాళా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటించుచుండెను. 1837 లో బ్రాహ్మీ లిపి గుట్టు విప్పిన మహనీయుడీతడే. టంకసాల పని యుద్యోగము, పాత లిపుల పని పిచ్చి. రెండును కలిపి మనిషిని నలువది యేండ్లకే అరగదీసినవి. ఆయన చెక్కిన బొమ్మలు చూచి ఐరోపాలోని పండితులు లిపులు చదువ ప్రయత్నించిరి. కాని చేతితో గీసిన బొమ్మలో ఒక చిక్కు కలదు. గీయువాడు తనకు అర్థమైనదానినే గీయును. అరిగిన అక్షరము తెలిసినట్లు తోచినచో నిండుగా గీయును. తెలియనిచో వట్టి గీతగా విడుచును. చూచువానికి నాణెముతోపాటు గీసినవాని అభిప్రాయము కూడ చేరును, రెంటిని విడదీయుట కష్టము.

ఈ సందర్భమున మన ప్రాంతముతో సంబంధమున్న ఒక పేరు తలపవలెను. సర్ వాల్టర్ ఇలియట్ అను దొర ఉత్తర సర్కారులలో కమిషనరుగా నుండెను. 1845 లో అమరావతి స్తూపమున త్రవ్వించి శిల్పములను మద్రాసునకు చేర్పించినవాడుగా ఆయన మనవారిలో చాలమందికి తెలియును. ఆయనకు నాణెముల యందును అంతే ఆసక్తి. దక్షిణ హిందూదేశపు నాణెములపై ఆయన వ్రాసిన గ్రంథము 1886 లో లండనులో వెలువడినది. చాళుక్యుల వరాహలాంఛనము మొదలు విజయనగరపు వరహాల వరకు ఒకచోట చేర్చి చెప్పిన తొలి పుస్తకములలో అది యొకటి. ఆ గ్రంథము సిద్ధమగునాటికి ఆయనకు చూపు దాదాపు పోయి యుండెను. జీవితమంతయు చూచి కూర్చిన నాణెములను గురించి, చూడలేని స్థితిలో, లోకమునకు చూపుటకై వ్రాసినాడు. మరుసటి యేడు 1887 లో మరణించెను. ఈ విషయము చదివిన నాడు మేము చాలసేపు పుస్తకము మూసి కూర్చుంటిమి.

1839 లో ఛాయాచిత్రకళ లోకమునకు వెల్లడియైనది. ఇక గీయువాని అభిప్రాయముతో పని లేదని పలువురు సంతోషించిరి. కాని నాణెము అద్దము వంటిది. దానిముందు కెమెరా నిలిపినచో అది తన బొమ్మను చూపదు. గదిలోని కిటికీని, దీపమును, ఫోటో తీయువాని చొక్కాను చూపును. ఈ మెరుపు బాధ పడలేక బ్రిటిష్ మ్యూజియమువంటి సంస్థలు ఒక ఉపాయము పన్నినవి. నాణెమునకు సున్నపుపొడి వంటి ప్లాస్టరుతో తెల్లని అచ్చు తీసి, ఆ అచ్చును ఫోటో తీసి, తమ జాబితాలలో ముద్రించుచుండెడివి. తెల్లని అచ్చు మెరవదు. కనుక ముఖము, అక్షరము, అరుగుదల స్పష్టముగ తెలియును. పోయినది రంగు. వెండియో, రాగియో, సీసమో ఆ పుటలలో తెలియదు. ప్రక్కన అక్షరములలో వ్రాసి చెప్పవలసినదే. ఆంధ్ర రాజుల, పశ్చిమ క్షత్రపుల నాణెములపై రాప్సన్ పండితుడు కూర్చిన జాబితా 1908 లో ఆ మ్యూజియము తరఫున వెలువడినది. శాతవాహనుల నాణెములను గురించి తరువాత వ్రాసినవారందరు ఆ పుస్తకము ఫలకములు తిరుగవేసినవారే.

ఇంత సదుపాయము లేని సామాన్య సంగ్రాహకులు కాగితమును నాణెముపై పరచి పెన్సిలుతో రుద్ది, ఆ కాగితమును తపాలాలో పంపుకొనెడివారు. మన పిల్లలు పలకబలపముతోను, పెన్సిలుతోను ఆడుకొన్న ఆటయే యిది. రుద్దిన కాగితము అందము కాదు గాని పరిమాణము విషయమున అబద్ధమాడదు. నేటి ఫోటో ఆ మాట చెప్పలేదు: అందులో రాగి దమ్మిడీ బండిచక్రమంత కనబడవచ్చును, బండిచక్రము దమ్మిడీయంత కనబడవచ్చును.

దీపము ఏ వైపున నున్నదను మాట ఎంత ముఖ్యమో తెలుపుటకు నాసిక్ దాపున 1906 లో జోగల్‌తెంభి యను గ్రామమున దొరకిన నిధి మంచి దృష్టాంతము. అందు సుమారు 13,000 వెండి నాణెములుండెను. అన్నియు క్షహరాత రాజగు నహపానునివి. వానిలో మూడింట రెండు వంతులకు పైగా, అతనిని గెలిచిన గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రలను తిరిగి కొట్టించినాడు. ఒకవైపు నహపానుని ముఖముపై మూడు శిఖరముల కొండ గుర్తు. రెండవవైపు ఉజ్జయినీ గుర్తు. ఓడినవాని నాణెమును కరిగింపలేదు, దానిమీదనే తన మాట చెప్పినాడు. మహారాష్ట్రమున నున్న మనవారు ఈ నాణెములను మ్యూజియములలో చూచి యుండవచ్చును. ఇటువంటి నాణెమును తిన్నగా పైనుండి వెలుగు వేసి చూచినచో వట్టి గందరగోళము. దీపమును ప్రక్కకు దించి, వెలుగు నాణెమును ఒరసికొని పోవునట్లు చేసినపుడు శాతకర్ణి కొండ పైకి లేచును. దీపమును కొంచెము త్రిప్పినచో ఆ కొండ క్రింద నుండి నహపానుని ముక్కు, పెదవి కనబడును. లోహమున మార్పు లేదు. వెలుగు కదలినది, రాజు మారినాడు.

ఇక మా సొంత సంగతి.

మా పూర్వులు గంజాము జిల్లాలో ఎప్పటినుండి యున్నారో మాకు తెలిసిన లెక్క ఐదు తరములు. 1936 ఏప్రిల్ 1 న ఒరిస్సా రాష్ట్రమేర్పడినపుడు గంజాము మద్రాసు రాజధాని నుండి అటు చేరినది. మా తాతగారు ఈ మాట వచ్చినప్పుడెల్ల, తాము ఎక్కడికిని కదలలేదనియు, ఎల్లయే తమ యింటిమీదుగా కదలిపోయినదనియు అనుచుండెడివారట. ఆయన విడిచిపోయిన ఇత్తడి డబ్బాలో ఇరువది ముప్పది నాణెములుండెను. వానిలో ఒకటి పెద్ద రాగి నాణెము. బొమ్మ వైపున కంపెనీ వారి హృదయాకారపు సరకు గుర్తు, 1797 అను సంవత్సరము. బొరుసు వైపున కంపెనీ రాజలాంఛనము, దాని క్రింద నలువదియెనిమిదింటికి ఒక రూపాయి యను అర్థము గల ఇంగ్లీషు మాటలు. బర్మింగ్‌హామ్ నగరమున బోల్టన్ గారి సోహో టంకసాలలో, ఆవిరి యంత్రములపై, ప్రత్యేకముగ ఉత్తర సర్కారుల కొరకు ముద్రించి ఓడలపై పంపిన నాణెమది. అనగా మన ప్రాంతము కొరకే సముద్రము దాటి వచ్చినది. ఈ సంగతి మాకు అప్పుడు తెలియదు. తెలిసియుండిన ఈ వ్యాసము వ్రాయవలసి వచ్చెడిది కాదు.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురము వద్ద తీరము దాటినది. మా పెంకుటింటి కప్పు సగము ఎగిరిపోయినది. పెంకులకు, దూలములకు, కూలికి డబ్బు కావలసి, చేతనున్న వస్తువులు చూచుకొనుచుండగా, డబ్బాలోని నాణెములు ఆన్‌లైనులో అమ్మవచ్చునని మా కుమారుడు చెప్పినాడు. మేము సరే యంటిమి. రాగి నాణెమును చూచి మా గృహిణి, "ఇంత మురికిగా ఉంటే ఎవరు కొంటారండీ?" అని చింతపండు తెచ్చి, బూడిద కలిపి, పండుగనాడు ఇత్తడి బిందె తోమినట్లు తోమి, కడిగి, తడి తుడిచి పెట్టినది. రెండువందల యేండ్ల చాకొలేటు రంగు అరగంటలో పోయి, నాణెము క్రొత్త చెంబువలె ఎఱ్ఱగా మెరసినది. మేమందరము సంతోషించితిమి. ఆ మెరుపును మా కుమారుడు రాత్రిపూట, పూలదుప్పటిపై పెట్టి, ఫోను ఫ్లాషుతో ఫోటో తీసినాడు. నడుమ ఒక తెల్లని మచ్చ, చుట్టును ఎఱుపు. సంవత్సరములో చివరి అంకె కనబడలేదు. హృదయపు గుర్తులోని అక్షరములును కనబడలేదు.

వచ్చిన జవాబులు మేము మరువలేదు. ఒకరు నకిలీ యన్నారు. ఒకరు పాతరాగి ధర యిత్తుమన్నారు. చివరకు ఒక ఊరుపేరు తెలియని వ్యాపారి 200 రూపాయలకు కొన్నాడు. కప్పునకు పనికివచ్చిన డబ్బు మరొక మార్గమున దొరకినది, అది వేరు కథ.

తరువాత ఎనిమిది నెలలకు మా కుమారుడు ఫోనులో ఒక నాణెము చూపించినాడు. నల్లని గుడ్డ, ప్రక్కనుండి వచ్చిన మెత్తని వెలుగు, 1797 లోని నాలుగంకెలు, హృదయములోని అక్షరములు, కవచము ప్రక్కల నిలిచిన సింహములు, అన్నియు విడివిడిగా. అంచున తొమ్మిది గంటల చోట ఒక చిన్న గంటు. ఆ గంటును మేము చిన్ననాట గోటితో తడిమిన వారము. అది మా నాణెమే. అడిగిన వెల 1,500 రూపాయలు.

మొదట మాకు కోపము వచ్చినది. తరువాత ఆలోచింపగా, ఆ వ్యాపారి మమ్ము మోసగించినాడని చెప్పుటకు వీలులేదని తోచినది. మేము చూపినదానికి ఆతడు వెల యిచ్చినాడు. మేము చూపినది నాణెములో పదవవంతు. కనబడని భాగమున ఏమి దోషమున్నదో యని కొనువాడు భయపడును. ఆ భయమునకు తగినంత ధర తగ్గించుకొనును. మసక ఫోటోకు వెల తగ్గుటకు మూలకారణమిదియే. అందము చాలకపోవుట కాదు, అనుమానమునకు వెలకట్టుట. అయితే ఆ రెండవ ఫోటోలో మరొక వింత కలదు. చింతపండు ఎఱుపు అందులో లేదు. నాణెము మరల చాకొలేటు రంగున నున్నది. ఎనిమిది నెలలలో గాలికి కొంత నల్లబడియుండవచ్చును, వెలుగు రంగు మార్చి తీసియుండవచ్చును. తోమిన నాణెమని ఆతడు ఎక్కడను వ్రాయలేదు. మంచి ఫోటో సత్యమును బయటపెట్టినట్లే, మాటున పెట్టనుగూడ గలదని అప్పుడు గ్రహించితిమి.

రెండవ పాఠము కొన్నప్పుడు నేర్చితిమి. ఐదవ జార్జి తొలి రూపాయి 1911 నాటిది. చక్రవర్తి వస్త్రముపై గొలుసులో నున్న చిన్న ఏనుగు బొమ్మ పంది వలె నున్నదని జనులు ఆక్షేపింపగా, ప్రభుత్వము దానిని ఆపి, ముద్రించిన వానిలో అధికభాగము కరిగించి, 1912 నుండి ఏనుగు తొండమును సరిదిద్ది విడుదల చేసినది. అందువలన 1911 రూపాయికి గిరాకి యెక్కువ. ఒకచోట చక్కని ఫోటో చూచి మేము అట్టిదొకటి తెప్పించితిమి. ఫోటోలో ఏనుగు కాళ్లును లెక్కింపవచ్చును, అంత స్పష్టము. నాణెమును బొటనవ్రేలు, చూపుడువ్రేలు నడుమ పట్టుకొని తీసిన ఫోటో అది. ఇంటికి వచ్చిన పిదప చూడగా, ఆ బొటనవ్రేలు మూసిన చోట, కిరీటము పైన అంచుమీద, టంకము గుర్తు. ఎవరో పూర్వము దానిని పేరులో గుచ్చుటకు కొక్కెము అతికించి, తరువాత ఊడదీసినారు. మన ఆడవారి కాసులపేరులలో ఇట్టివి ఎన్నియో యుండును, అది తప్పు కాదు. తప్పు ఆ బొటనవ్రేలిది. నాటినుండి వ్రేళ్లు కనబడు ఫోటో చూచినచో వ్రేలి క్రింద ఏమున్నదని మొదట అడుగుచున్నాము.

ఈ విద్య పెద్ద ఖర్చుతో కూడినది కాదని మా అనుభవము. ఇంటి ఉత్తరపు కిటికీ దగ్గర ఉదయము పది గంటల వెలుగు, బూడిదరంగు కాగితము, కదలకుండ ఫోను ఆనుటకు రెండు పుస్తకముల దొంతి. ఇంతయే మా సరంజామా. ఫ్లాషు వేయరాదు. ఫోనును నాణెము మీదికి దింపినచో దాని నీడయే పడును, నాణెపు గుండ్రన కూడ వంకరగును. జానెడు దూరము నుంచి తీసి, తరువాత పెద్దది చేసికొనుట మేలు. తెల్లని కాగితముపై పెట్టినచో కెమెరా ఆ తెలుపునకు బెదరి నాణెమును నల్లగా చూపును. వెలుగు నాణెపు తలవైపు నుండి రావలెను. ఇది మాకు ఆశ్చర్యము కలిగించిన సంగతి: పాదముల వైపు నుండి వెలుగు వచ్చినచో మన కన్ను మోసపోయి, ఉబ్బిన రాజుగారి చెంప గుంటవలె కనబడును. సూర్యుడు పైననే యుండునని పుట్టినది మొదలు నమ్మిన కన్ను గదా! బంగారు నాణెమును పచ్చని విద్యుద్దీపము క్రింద తీసినచో ఇత్తడి యనుకొందురు, వెండిని తీసినచో బంగారపు పూత యనుకొందురు. బొమ్మయు, బొరుసును, వీలైన అంచును, మూడును చూపి, గ్రాములలో తూకము వ్రాసినచో షరాబు చేతిలోని సాక్షులలో ఒకరిద్దరిని తిరిగి పిలిచినట్లగును.

కంటికి ఆనని గుర్తులలోనే వెల యుండుట ఈ వ్యవహారపు విశేషము. విక్టోరియా రాణి రూపాయిపై 1862 అను సంవత్సరమునే 1874 వరకు వేసిరి. ఏ యేటి ముద్రయో చుక్కలను బట్టి గుర్తింపవలెను. ఆ చుక్క ఆవగింజలో సగముండదు. హైదరాబాదు రూపాయిపై చార్‌మినారు గుమ్మములో నిజాము పేరులోని ఐన్ అను అక్షరముండును; ఉస్మాన్ అలీఖాను తొలి యేండ్లలో అది పొట్టి, తరువాత నిండు. పుదుచ్చేరిలో ఫ్రెంచివారు 1736 లో అనుమతి పొంది కొట్టిన ఆర్కాటు రూపాయిని ఇతరుల రూపాయి నుండి వేరుచేయునది ఒక చంద్రవంక. యానాము వారి పెట్టెలలో అట్టివి యున్నచో మొదట దానిని వెదకవలెను. మా గంజాము ప్రాంతమున దొరకు తూర్పు గంగుల బంగారు పణములు కందిగింజకంటె కొంచెము పెద్దవి. ఒకవైపు పడుకొన్న నంది, రెండవవైపు అంకుశము. సామాన్యమైన ఫోనుతో తీసినచో పచ్చని చుక్క తప్ప మరేమియు కానరాదు. కంసాలి వాడు కంటికి తగిలించుకొను భూతద్దమును ఫోను కంటికి అడ్డముగా పెట్టి మేము నందిని పట్టుకొంటిమి. నాలుగు ప్రయత్నములు వ్యర్థమైనవి, ఐదవది దక్కినది.

మంచి ఫోటోయే మంచి నాణెమని మాత్రము అనుకొనరాదు. హనుమంతుడో, సీతారామలక్ష్మణులో బొమ్మగా, 1616, 1717, 1818 వంటి సంవత్సరములతో, ఈస్టిండియా కంపెనీ పేరుతో అమ్ముడగు అణాలు, అర్ధణాలు చూడముచ్చటగా నుండును. కంపెనీవారు వానిని ఏనాడును ముద్రింపలేదు. అవి తరువాతివారు కల్పించిన బిళ్లలు. భక్తితో పూజలో పెట్టుకొనుటకు అభ్యంతరము లేదు, లక్షలు వెచ్చించుటకు మాత్రము కలదు. ఒకరి ఫోటోను మరొకరు ఎత్తుకొనిపోయి లేని నాణెమును అమ్ముటయు జరుగుచున్నది. కనుక నాణెము ప్రక్కన నాటి తేదీ వ్రాసిన చీటీ పెట్టి తీయుట మా అలవాటు. కొనునప్పుడును అట్టి ఫోటో అడుగుదుము. పాత నాణెములకు భారీ ధర యిత్తుమని చెప్పి, ముందుగా రుసుము కట్టుమనువారిని నమ్మవద్దనియు, తమకు ఇట్టి వ్యాపారముతో సంబంధము లేదనియు రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించినది. ఇంకొక మాట. 1972 నాటి చట్టము ప్రకారము నూరేండ్లు నిండిన నాణెము పురావస్తువు. దానిని దేశము దాటించుట నిషిద్ధము, వ్యాపారమునకు అనుజ్ఞ కావలెను. భూమిలో దొరకినది పది రూపాయల విలువకు మించినచో 1878 నాటి చట్టమును బట్టి కలెక్టరునకు తెలుపవలెను. విదేశమున నున్న పిల్లలు, అక్కడివారు ఎక్కువ వెల యిత్తురని ఫోటోలు చూపి తొందరపెట్టినను, పెద్దలు ఈ సంగతి మరువరాదు.

డబ్బాలో మిగిలిన నాణెములను మేము అమ్మలేదు. 2019 లో విరమించిన పిదప ఒక్కొక్కదానికి రెండు వైపుల ఫోటోలు తీసి, తూకము, కొలత, ఎవరి చేతినుండి వచ్చినదియు ఒక నోటుపుస్తకమున వ్రాసితిమి. వానిలో ఏడవ ఎడ్వర్డు కాలపు ఒక అణా కలదు, అంచు వంపులు తిరిగినది. 1907 నుండి ముద్రించిన ఈ తెల్లలోహపు అణాపై విలువను పలు లిపులలో వ్రాసిరి. అందు తెలుగు ఒకటి. మా తాతగారు దానిని ఎందుకు దాచిరో మాకు ఎన్నడును తట్టలేదు. మామూలు అణా, వెల స్వల్పము. కిటికీ వెలుగులో తీసిన ఫోటోను పెద్దది చేసినపుడు, బడిలో ఒడియా చదువుచు ఇంటివద్ద మా యొద్ద తెలుగు ఓనమాలు దిద్దుకొనుచున్న మా మనుమరాలు, "తాతయ్యా, ఇది మన అక్షరం" అని వ్రేలు పెట్టి చూపినది. అరిగిన నాణెముపై అది మా కంటికి గీతవలె నుండెను. ఎల్ల తన యింటిమీదుగా కదలిపోయిన మనిషి ఆ అణాను ఎందుకు ఖర్చుపెట్టలేదో ఆ సాయంకాలము కొంత ఊహించుకొంటిమి.

ఆ 1797 రాగి నాణెపు ఫోటో, వ్యాపారి తీసినది, మా కుమారుడు ఫోనులో భద్రపరచినాడు. నోటుపుస్తకమున దానికి ఒక పుట ఖాళీగా విడిచి, ఫోటో అచ్చు తీయించి అతికించితిమి. మా గృహిణి అప్పుడప్పుడు ఆ పుట తెరచి, తాను తోమిన ఎఱుపు ఎక్కడైన మిగిలినదేమో యని వెదకును. కవచము క్రింది అంచు దగ్గర, గోటి కొనంత మేర, కొంచెము మిగిలియున్నదని ఆమె వాదము. మాకు కనబడదు.

సంఘసభ్యులలో ఎవరింటనైన ఇట్టి మూటలున్నచో, ఆదివారము ఉదయము తొమ్మిది మొదలు పదునొకండు గంటలలోపున మా యింటికి తీసికొని రావచ్చును. కిటికీ వెలుగు అప్పుడే బాగుండును. ఫోటోలు తీసి, తూచి, వివరములు వ్రాసి యిత్తుము, రుసుము లేదు. తోమకుండ తేవలెనని మాత్రము మనవి.